పొడి రాస్తే చిన్న సీసాలు ఇచ్చారు: నాన్నకు కొలనోస్కోపీ ముందు ఇవి తాగించవచ్చా?

కృష్ణలంక కుర్రాడు — మంగళవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. టెన్షన్‌లో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

నాన్నకు 71 ఏళ్ళు. నెల రోజులుగా మోషన్‌లో అప్పుడప్పుడు రక్తం చారలు పడుతున్నాయట. పైల్స్ అనుకుని మాకెవరికీ చెప్పలేదు. అమ్మ చూసి చెప్తే గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గురువారం ఉదయం 11 గంటలకు కొలనోస్కోపీ అన్నారు, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూడటం. పేగు శుభ్రం కావడానికి రెండు లీటర్ల నీళ్ళలో కలుపుకునే పొడి రాశారు.

మందుల షాపులో ఆ పొడి లేదన్నారు. "ఇదీ దానికేనండీ, ఇంకా సుఖం. పెద్దాయన రెండు లీటర్లు ఎక్కడ తాగుతారు" అని 45 మి.లీ. సీసాలు రెండు చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి చూస్తే సీసా మీద సోడియం ఫాస్ఫేట్ అని ఉంది. నెట్‌లో వెతికితే కిడ్నీ, కిడ్నీ అని వస్తోంది. క్లినిక్ ఫోను ఎత్తడం లేదు. రేపు సాయంత్రం మొదటి సీసా ఇవ్వాలి. ఇవ్వొచ్చా? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

ఓరుగల్లు మామ — మంగళవారం, రాత్రి 9:02

బాబూ, ముందు భయపడకు. నేను మూడుసార్లు చేయించుకున్నా. పరీక్ష అసలు తెలియనే తెలియదు, మత్తిస్తారు. కష్టమంతా ముందు రాత్రిదే. నాకు మూడుసార్లూ పొడే ఇచ్చారు. ఉప్పేసిన సబ్బునీళ్ళ లెక్క ఉంటది, అంతే. చిన్న సీసా సంగతి నాకు తెల్వదు. మీ నాన్నకు కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించారు? ఆ కాగితం వెతుకు.

రాత్రి డ్యూటీ — మంగళవారం, రాత్రి 9:15

నేను హైదరాబాద్‌లో ఎండోస్కోపీ విభాగంలో నర్సుని. పదకొండేళ్ళ నుంచి ఇదే పని.

ఆ సీసా మూత తీయకండి. డాక్టరుతో మాట్లాడే దాకా పక్కన పెట్టండి. రేపు ఒక పూట పోయినా కొంపలేం మునగవు.

నాకు రెండు విషయాలు చెప్పండి. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, ఆఖరిసారి ఎంత వచ్చింది? నాన్నగారు రోజూ వేసుకునే మాత్రలు ఏవి? స్ట్రిప్పుల మీద ఉన్నది ఉన్నట్టు రాయండి. మోకాళ్ళ నొప్పికి, నిద్రకి, గ్యాస్‌కి వేసుకునేవి కూడా. అవి మందులు కావనుకుని చాలామంది చెప్పరు.

కృష్ణలంక కుర్రాడు — మంగళవారం, రాత్రి 9:48

సిస్టర్ గారూ, థాంక్స్ అండీ. డబ్బా మొత్తం మంచం మీద బోర్లించాను.

బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, డాపాగ్లిఫ్లోజిన్ ఉదయం ఒకటి. మీరు అడిగారు కాబట్టి తలగడ కింద చూస్తే ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్పు దొరికింది. మోకాళ్ళకి వారంలో నాలుగైదు రోజులు వేసుకుంటున్నారట. ఇది డాక్టరుకి మేము చెప్పలేదు.

రెండు నెలల కిందటి రిపోర్టులో క్రియాటినిన్ 1.7 ఉంది. అప్పుడు షుగర్ డాక్టరు "వయసుకి కొంచెం ఎక్కువ, చూద్దాం" అన్నారు.

నెఫ్రాన్ — మంగళవారం, రాత్రి 10:30

విశాఖలో కిడ్నీ డాక్టర్ని. ఆన్‌లైన్‌లో ఒకరికి మందు రాయడం నా పద్ధతి కాదు, రాయను కూడా. కానీ మీరు రాసిన జాబితా చూసి ఊరుకోలేకపోతున్నాను.

71 ఏళ్ళ మగవారికి క్రియాటినిన్ 1.7 అంటే "కొంచెం ఎక్కువ" కాదు. లెక్క కడితే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె, 42, 43 దగ్గర తేలుతుంది. అంటే కిడ్నీలు సగం కంటే తక్కువ పని చేస్తున్నట్టు. ఇలాంటివారికి నోటిద్వారా ఇచ్చే సోడియం ఫాస్ఫేట్ వద్దు. ఇందులో నాకు ఊగిసలాట లేదు.

కారణం చెప్తాను, రేపు డాక్టరుతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. మీకు రాసిన పొడి పాలీఇథిలీన్ గ్లైకాల్, వాడుకలో పెగ్ అంటాం. అది పెద్ద అణువు, పేగు దాన్ని దాదాపు పీల్చుకోదు. అందులో ఉప్పులు కూడా రక్తంలో ఉన్న సాంద్రతకు సరిపోయేలా కలిపి ఉంటాయి. కాబట్టి తాగిన నీళ్ళు తాగినట్టే పేగును కడుగుతూ బయటికి పోతాయి. ఒంట్లోంచి నీటిని పెద్దగా లాగవు, ఒంట్లోకి పెద్దగా ఎక్కవు. 1980లో అమెరికాలో డేవిస్, ఫోర్డ్‌ట్రాన్ బృందం ఈ సూత్రం మీదే దాన్ని తయారుచేసింది. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఇప్పటికీ మొదట గుర్తొచ్చేది ఇదే.

చిన్న సీసా పని చేసే తీరు వేరు. అది చిక్కటి ఉప్పు. ఒంట్లోని నీటినే పేగులోకి లాగి విరేచనం చేయిస్తుంది. తాగేది తక్కువ, పోయేది ఎక్కువ. ఈలోగా ఫాస్ఫేట్ కొంత రక్తంలోకి ఎక్కుతుంది. ఒళ్ళు ఎండిపోయి, కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే, కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు కిడ్నీ గొట్టాల్లో పేరుకుంటాయి. ఆ రోజు ఏమీ తెలియదు. పరీక్ష బాగానే జరుగుతుంది, మనిషి ఇంటికి వెళతాడు. వారాల తర్వాత ఏ నీరసమో వచ్చి రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ పెరిగి ఉంటుంది. అప్పటికి సీసా సంగతి ఎవరికీ గుర్తుండదు.

దీన్ని పట్టుకున్నది కొలంబియా విశ్వవిద్యాలయంలోని కిడ్నీ పాథాలజీ వాళ్ళు. 2000 నుంచి 2004 దాకా తమ దగ్గరికొచ్చిన 7,349 కిడ్నీ బయాప్సీలు తిరగేస్తే, కాల్షియం పేరుకున్నవి 31 దొరికాయి. అందులో 21 మంది కొలనోస్కోపీకి ముందు ఈ ఫాస్ఫేట్ తాగినవాళ్ళే. 2006లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2008 డిసెంబరులో మాత్రల రూపంలో ఉన్నవాటి లేబుల్ మీద గడి కట్టిన గట్టి హెచ్చరిక పెట్టి, చీటీ లేకుండా దొరికే ద్రావణాన్ని పేగు శుభ్రానికి వాడొద్దంది.

ఎవరికి ముప్పు ఎక్కువని ఎఫ్‌డీఏ వాళ్ళు రాశారో చూడండి: 55 దాటినవారు, కిడ్నీ ముందే బలహీనంగా ఉన్నవారు, ఒంట్లో నీరు తగ్గినవారు, టెల్మిసార్టాన్ తరహా బీపీ మాత్రలు వాడేవారు, నీరు పోయే మాత్రలు (హైడ్రోక్లోరోథయజైడ్ అలాంటిదే) వాడేవారు, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడేవారు. మీ నాన్నగారిలో ఇవన్నీ ఉన్నాయి, ఒంట్లో నీరు తగ్గడం ఒక్కటే మిగిలింది. అది ఆ సీసా చూసుకుంటుంది.

నొప్పి మాత్ర మాత్రం ఈ రాత్రి నుంచే వేయకండి. పరీక్ష ఉన్నా లేకపోయినా ఆ కిడ్నీలకు అది పడదు.

సునాముఖి — మంగళవారం, రాత్రి 10:55

ఇంత రసాయనాల గొడవ ఎందుకండీ? మా తాతగారి కాలంలో ఏడాదికోసారి ఆముదం పట్టించేవారు. రెండు చెంచాల ఆముదం, పొద్దున వేడినీళ్ళు, సాయంత్రానికి పొట్ట అద్దంలా ఉండేది. సునాముఖి ఆకు కషాయం కూడా మంచిదే. సహజమైనవి, కిడ్నీకి ఏమీ కాదు.

రాత్రి డ్యూటీ — మంగళవారం, రాత్రి 11:10

మీ తాతగారి పొట్టలోకి ఎవరూ కెమెరా పెట్టి చూడలేదు కదండీ, అద్దంలా ఉందో లేదో!

ఎగతాళికి అనలేదు. ఆముదం తాగి వచ్చినవాళ్ళని చూశాను. మోషన్ అవుతుంది, నిజమే, కానీ పేగు గోడలకు జిడ్డుగా పచ్చటి పూత మిగిలిపోతుంది. ఆ పూత కింద చిన్న పాలిప్ (పేగు గోడ మీద మొలిచే కండ) ఉన్నా కనపడదు. డాక్టరు సగం దూరం వెళ్ళి వెనక్కి వచ్చేస్తారు. మళ్ళీ పస్తు, మళ్ళీ తాగుడు, మళ్ళీ డబ్బు. సునాముఖిలో ఉన్న మందుని కొన్నిచోట్ల మాత్రల రూపంలో పెగ్‌తో కలిపి ఇస్తారు, అది కూడా డాక్టరు రాస్తేనే. ఇంట్లో కాచిన కషాయంలో ఎంత మోతాదు ఉందో ఎవరికి తెలుసు?

ఇంకోటి, అడగకుండానే చెప్తున్నాను. మలబద్ధకానికి ఇంట్లో లాక్టులోజ్ సిరప్ ఉంటుంది చాలామందికి. దాన్నీ దీనికి వాడకండి. పేగులోని బాక్టీరియా దాన్ని పులియబెట్టి మండే గ్యాస్ తయారుచేస్తుంది. పాలిప్ కోసేటప్పుడు కరెంటు పెడతాం. ఒకప్పుడు మానిటాల్ ఇచ్చేవారు, అదీ ఇదే కథ. 1979లో ఫ్రాన్స్‌లో అలా పేగులో పేలుడు జరిగి రోగి చనిపోయారు. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు ఈ సంగతి మొదటి వారమే చెప్తాం.

మందులకొట్టు — బుధవారం, ఉదయం 6:50

తెనాలిలో ఇరవై ఏళ్ళుగా మెడికల్ షాపు. మా జాతిని తిట్టుకునే ముందు ఒక మాట వినండి.

పారాసెటమాల్ ఒక కంపెనీది లేకపోతే ఇంకో కంపెనీది ఇస్తాం, లోపల మందు ఒకటే. ఈ అలవాటులోనే తప్పు జరుగుతుంది. పెగ్ బదులు ఇంకో కంపెనీ పెగ్ ఇస్తే తప్పు లేదు. పెగ్ బదులు ఫాస్ఫేట్ ఇవ్వడం కంపెనీ మార్చడం కాదు, మందే మార్చడం. చీటీ రాసినవారిని అడక్కుండా అది చేయకూడదు. కౌంటర్లో నిలబడిన కుర్రాడికి రెండూ "మోషన్ మందే". అక్కడ వస్తుంది తంటా.

కాబట్టి బాబూ, పెట్టె మీద కంపెనీ పేరు చూడకండి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూడండి. పెగ్ ప్యాకెట్ మామూలుగా 137 గ్రాముల చిల్లర ఉంటుంది, రెండు లీటర్లకి ఒకటి. సీల్ తీయకపోతే సీసాలు వెనక్కి తీసుకుంటారు, బిల్లు పట్టుకెళ్ళండి.

ఎడిసన్ అత్తగారు — బుధవారం, ఉదయం 7:25

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ 45 నిండితే చాలు, ఏ బాధా లేకపోయినా స్క్రీనింగ్ మొదలుపెట్టమంటారు. 2021 దాకా 50 ఉండేది. నాకు మొదటిసారి నాలుగు లీటర్ల ప్లాస్టిక్ జగ్గు ఇచ్చారు. ఫ్రిజ్ తలుపులో పట్టలేదు, కింద కూరగాయల అర తీసేసి పెట్టాం. మావారు దాన్ని బిందె అనేవారు.

అంతకుముందు మా పెద్దాడపడుచు ఆ ఫాస్ఫేట్ సీసానే తాగింది, అప్పట్లో కొట్లో పెప్పర్‌మెంట్లు కొన్నట్టు కొనుక్కునేవాళ్ళం. ఆమెకేం కాలేదు. అందుకే చాలామంది "మాకేం కాలేదు" అంటారు. ఆమెకి అప్పుడు 50, కిడ్నీలు బాగున్నాయి, ఒక్క మాత్ర కూడా వేసుకునేది కాదు. మీ నాన్నగారి లెక్క వేరు.

గోదారి గట్టు — బుధవారం, ఉదయం 8:05

ఇవన్నీ చదివాక భయమేస్తోంది. మా మేనత్తకి పోయినేడు పెగ్ పొడే ఇచ్చారు, సీసా కాదు. అయినా తెల్లవారుజామున మాట తడబడి, ఫిట్స్ వచ్చాయి. ఎమర్జెన్సీలో చూస్తే రక్తంలో సోడియం 116కి పడిపోయింది. వారం ఐసీయూ. ఇప్పుడు బాగానే ఉంది. పెగ్ సేఫ్ అంటున్నారు కదా, మరి ఇదేంటి?

అసలు ఈ పరీక్షే మానేసి స్కానింగో, మోషన్ టెస్టో చేయించకూడదా?

నెఫ్రాన్ — బుధవారం, ఉదయం 8:40

మంచి ప్రశ్న. మీ అత్తగారు ఆ రాత్రి మందు కాక ఇంకా ఏం తాగారు, ఎంత తాగారు? రోజూ ఏం మాత్రలు?

గోదారి గట్టు — బుధవారం, ఉదయం 9:12

మా అమ్మని అడిగాను. "ఎండిపోతావు, నీళ్ళు తాగు, నీళ్ళు తాగు" అని అందరూ చెబితే మామూలు మంచినీళ్ళు చెంబులకు చెంబులు తాగిందట. నాలుగైదు లీటర్లు అయి ఉంటాయి. బీపీకి నీరు పోయే మాత్ర ఉంది. డిప్రెషన్‌కి కూడా ఏదో మాత్ర వాడుతుంది.

నెఫ్రాన్ — బుధవారం, ఉదయం 9:30

అదే అయి ఉంటుంది. థయజైడ్ మాత్రలు, డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మాత్రలు సోడియాన్ని ముందే కిందికి లాగుతాయి. వాంతి వచ్చేలా ఉన్నప్పుడు, పేగు కదులుతున్నప్పుడు ఒళ్ళు నీటిని పట్టి ఉంచే హార్మోనును కూడా వదులుతుంది. దానిమీద ఉప్పు లేని మంచినీళ్ళు లీటర్ల కొద్దీ పోస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. మెదడు ఉబ్బి ఫిట్స్ వస్తాయి. అరుదే, కానీ వచ్చేది ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్ళకే.

నీళ్ళు తాగమనేది నిజమే. ఆ నీళ్ళలో కొంత ఉప్పు కలిసినవి ఉండాలి: ఉప్పు వేసిన నిమ్మరసం, ఓఆర్ఎస్, వడకట్టిన పల్చటి సూప్. గుండె బలహీనంగా ఉండి నీటి కొలత పెట్టినవాళ్ళకు ఈ మాట వర్తించదు. వాళ్ళకు డాక్టరు చెప్పిన కొలతే.

పరీక్ష మానేయడం గురించి: సీటీ కొలనోగ్రఫీకి (పేగుకి చేసే సీటీ స్కానింగ్) కూడా మామూలుగా పేగు శుభ్రం చేసుకోవాల్సిందే, ఈ గొడవ తప్పదు. మోషన్‌లో కనపడని రక్తాన్ని వెతికే పరీక్ష ముఖ్యంగా ఏ లక్షణమూ లేనివారికి. ఇక్కడ రక్తం కంటికే కనపడుతోంది. ఇంక ఆ టెస్టు కొత్తగా చెప్పేది ఏముంది?

ఆవకాయ బద్ద — బుధవారం, ఉదయం 10:01

ఈ థ్రెడ్ చదువుతుంటే నాకే కడుపులో కదులుతోంది. టిఫిన్ చేస్తూ తెరవడం నాదే తప్పు.

కృష్ణలంక కుర్రాడు — బుధవారం, మధ్యాహ్నం 1:20

డాక్టరు గారిని కలిసి వచ్చాను. ఫోను కాదు, పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను. సీసాలు, మాత్రల స్ట్రిప్పులు, పాత రిపోర్టు అన్నీ బల్ల మీద పెట్టాను. సీసాలు చూసి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇది నేను రాయలేదు, వెనక్కి ఇచ్చేయండి" అన్నారు. నొప్పి మాత్ర సంగతి చెబితే నా వైపు కాదు, నాన్న వైపు చూశారు. నాన్న ఫ్యాను వైపు చూశారు.

అసలు ట్విస్టు వేరేది. డాపాగ్లిఫ్లోజిన్ చూసి పరీక్ష సోమవారానికి మార్చారు. అది పరీక్షకు మూడు రోజుల ముందే ఆపాలట. ఈ ఉదయం వేసుకున్నదే ఆఖరు. మెట్‌ఫార్మిన్ ఆదివారం నుంచి, బీపీ మాత్ర ఆదివారం, సోమవారం ఉదయం వద్దన్నారు. బీపీ మిషన్‌తో చూస్తూ ఉండమన్నారు, 170 దాటితే ఫోన్ చేయాలి. క్రియాటినిన్, సోడియం, పొటాషియం ఇవాళే రక్తం ఇచ్చాం. పొడి వేరే షాపులో దొరికింది, పెగ్ అని చదివే తెచ్చాను.

నెఫ్రాన్ గారూ, ఆ షుగర్ మాత్రకీ దీనికీ ఏంటి సంబంధం? అడిగే టైము దొరకలేదు.

నెఫ్రాన్ — బుధవారం, మధ్యాహ్నం 2:45

మీ డాక్టరు మంచి పని చేశారు. ఆ తరహా మాత్రలు చక్కెరని మూత్రంలో పంపేస్తాయి. రెండు రోజులు తిండి లేకుండా అవి వేసుకుంటే ఒళ్ళు కొవ్వుని కరిగించి కీటోన్లు తయారుచేసుకుంటుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. మోసం ఎక్కడంటే, షుగర్ చూస్తే 160, 180 మాత్రమే ఉంటుంది. వాంతులు, ఆయాసం వస్తే అందరూ "పొడి పడలేదు" అనుకుంటారు. 2020లో ఎఫ్‌డీఏ ఆపరేషన్లకు ముందు ఆపాలని ఈ మూడు రోజుల మాట లేబుళ్ళ మీదే రాయించింది. చీటీ మీద "షుగర్ మాత్ర ఆపండి" అని మాత్రమే ఉంటే జనం పరీక్ష ఉదయం ఆపుతారు, అది చాలదు.

మెట్టవలస — బుధవారం, సాయంత్రం 5:30

మధ్యలో దూరుతున్నాను. మా తమ్ముడికి ఫిట్స్ మాత్రలు ఉన్నాయి. పరీక్ష రోజు ఖాళీ కడుపు అంటే మాత్ర కూడా మానేయాలా? ఇంకోటి, మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక నీళ్ళు గొంతులో పడితే దగ్గు. చిక్కపరిచే పౌడర్ కలిపి ఇస్తాం. ఆయనకి కూడా ఈ పరీక్ష రాయబోతున్నారు.

రాత్రి డ్యూటీ — బుధవారం, సాయంత్రం 6:10

ఫిట్స్ మాత్ర ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. అయితే పొడి తాగడం మొదలుపెట్టడానికి గంటలోపు వేసుకున్న మాత్ర అరగకుండానే కొట్టుకుపోవచ్చు. టైము డాక్టరుతో ముందే కుదుర్చుకోండి. రక్తం పలచబడే మాత్రలు కూడా అంతే, సొంతంగా ఆపొద్దు, సొంతంగా కొనసాగించొద్దు. స్టెంట్ వేసినవాళ్ళు తమంతట తాము ఆపేసి గుండెపోటుతో వచ్చిన కేసు చూశాను.

మీ నాన్నగారి సంగతి చాలా ముఖ్యం. పిండి పదార్థంతో చేసిన చిక్కపరిచే పౌడర్ పెగ్‌లో కలిపితే చిక్కదనం నిలవదు, మళ్ళీ నీళ్ళలా అయిపోతుంది. మీరు చిక్కగా ఉందనుకుని తాగిస్తారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇలాంటివారిని ఇంట్లో తాగించడానికి ఒప్పుకోకండి. అడ్మిట్ చేసుకుని చేయమనండి.

కృష్ణలంక తమ్ముడూ, ఆదివారం లోపు తాగించే పద్ధతి రాస్తాను. డ్యూటీ అయ్యాక.

రాత్రి డ్యూటీ — శుక్రవారం, రాత్రి 9:40

ఆలస్యమైంది, ఇవాళ పదహారు కేసులు.

తిండి రేపటి నుంచే మార్చండి. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, తెల్ల బ్రెడ్డు, గుడ్డు. ఆకుకూరలు, గోంగూర, జొన్నరొట్టె, వంకాయ, టమాటా గింజలు, జామకాయ వద్దు. అమ్మకి చెప్పండి, తాలింపులో ఆవాలు, జీలకర్ర కూడా వద్దు. నవ్వుకుంటారు గానీ, పేగులోని నీటిని లాగే మా గొట్టానికి ఆవగింజ అడ్డం పడితే పరీక్ష మధ్యలో ఆపి శుభ్రం చేసుకోవాలి. ఆదివారం పొద్దున రెండు ఇడ్లీలు, తర్వాత వడకట్టిన ద్రవాలే. మజ్జిగ తెల్లగా ఉంటుంది కాబట్టి వడకట్టిన ద్రవాల లెక్కలోకి రాదు, ఇవ్వకండి. ద్రాక్షరసం, బీట్‌రూట్ రంగువి వద్దు, లోపల రక్తంలా కనిపించి కంగారుపెడతాయి. కొబ్బరినీళ్ళు మామూలువాళ్ళకి మంచివే, మీ నాన్నగారికి మాత్రం డాక్టరుని అడిగి ఇవ్వండి, వాటిలో పొటాషియం ఎక్కువ.

పొడి మొత్తం రెండు లీటర్లలోనే కలపండి. "ఎక్కువ తాగలేరు" అని లీటరులో చిక్కగా కలిపి తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. అలా చేస్తే పెగ్‌కి ఉన్న మంచి గుణమే పోతుంది, చిక్కటి ఉప్పునీరులా ఒంట్లో నీటిని లాగుతుంది. పంచదార కలపొద్దు. ఫ్రిజ్‌లో చల్లబరిచి స్ట్రాతో తాగితే వాసన తక్కువ.

11 గంటల పరీక్షకి మా లెక్క ఇది: ఆదివారం సాయంత్రం 6 గంటలకి ఒక లీటరు, సోమవారం తెల్లవారుజామున 5 గంటలకి ఇంకో లీటరు. ఇరవై నిమిషాలకో గ్లాసు చాలు, ఆయన వయసుకి తొందర వద్దు. వికారం వస్తే అరగంట ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. ఉదయం లీటరు ఎగ్గొట్టి రాత్రే మొత్తం తాగేద్దాం అంటారు పెద్దవాళ్ళు. ఒప్పుకోవద్దు, రాత్రంతా చిన్నపేగు నుంచి దిగిన పసరు కుడివైపు పెద్దపేగు గోడలకు అంటుకుని ఉంటుంది, దాన్ని కడిగేది పొద్దుటి లీటరే. 8:30 తర్వాత చుక్క నీరు కూడా వద్దు, మత్తులో వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీ డాక్టరు వేరే టైము రాస్తే అదే పాటించండి.

మందు కంటే బాత్రూమే ఎక్కువ ప్రమాదం, నిజంగా. రాత్రి చీకట్లో, బీపీ పడిపోయిన పెద్దాయన తడి నేల మీద పరిగెత్తడం. మా దగ్గరికి తుంటి విరిగి వచ్చినావిడ ఉంది, పరీక్ష జరగనే లేదు. నడవాలో లైటు వేసి ఉంచండి. బాత్రూం గడియ పెట్టనివ్వకండి. మంచం మీంచి ఒక్కసారిగా లేవనివ్వకండి. ఆ రాత్రి మీరు ఆయన గదిలోనే పడుకోండి. మూడో నాలుగో సారి తర్వాత మంట పుడుతుంది, ముందే వాజలైన్ రాయండి.

ఆగకుండా వాంతులు, కడుపు రాయిలా ఉబ్బి నొప్పి వచ్చి మోషన్ అసలు కాకపోవడం, మాట తడబడటం, కళ్ళు తిరిగి పడిపోవడం, గడ్డలుగా రక్తం, వీటిలో ఏది కనపడినా తాగించడం ఆపి నేరుగా ఎమర్జెన్సీకి. ఈ వేదికలో పోస్టు పెట్టకండి!

ఓరుగల్లు మామ — శనివారం, ఉదయం 6:15

సిస్టరమ్మ చెప్పిందే వేదం. నాదొక్క మాట: ఆదివారం చుట్టాలను పిలవకు. నా రెండోసారి మా బావమరిది కుటుంబంతో దిగిండు. ఒక్క బాత్రూం ఇల్లు మాది.

కృష్ణలంక కుర్రాడు — ఆదివారం, రాత్రి 11:50

మొదటి లీటరు అయింది. క్రియాటినిన్ 1.6, సోడియం 137, డాక్టరు సరే అన్నారు. మూడో గ్లాసు దగ్గర నాన్న అలిగారు. "నన్ను చంపడానికి తెచ్చావా" అన్నారు. అమ్మ ఎదురుగా కూర్చుని, ఒక గ్లాసు తాగితే ఒక పాత పద్యం పాడతానని బేరం పెట్టింది. నాలుగో గ్లాసు అలా దిగింది. ఇప్పటికి ఏడుసార్లు. బీపీ 138/80. నేను గుమ్మం దగ్గర పరుపు వేసుకున్నాను. గడియ ఊడదీసేశాను.

ఆవకాయ బద్ద — ఆదివారం, రాత్రి 11:58

అమ్మగారు ఆన్‌లైన్ క్లాసులు పెడితే మా మామగారిని చేరుస్తాను.

కృష్ణలంక కుర్రాడు — సోమవారం, ఉదయం 7:05

సిస్టర్ గారూ ఉన్నారా? రెండో లీటరు అయిపోయింది. ఇప్పుడు పసుపు నీళ్ళలా వస్తోంది, అడుగు కనపడుతోంది. ఇది చాలా?

రాత్రి డ్యూటీ — సోమవారం, ఉదయం 7:11

చాలు. అదే కావాలి. బయల్దేరేటప్పుడు ఒక జత బట్టలు, పాత టవలు పెట్టుకోండి. ఆయన చేతికి బ్యాగు ఇవ్వకండి.

కృష్ణలంక కుర్రాడు — సోమవారం, సాయంత్రం 6:30

అయిపోయింది. పేగు చాలా శుభ్రంగా ఉందన్నారు. రిపోర్టులో పేగు శుభ్రానికి వేసే మార్కు, బోస్టన్ స్కోరు, 8 అని రాశారు. రెండు పాలిప్‌లు దొరికాయి. ఒకటి చిన్నది, ఇంకోటి ఒకటిన్నర సెంటీమీటర్ల పైన, కుడివైపున. రెండూ తీసేసి బయాప్సీకి పంపారు. లోపల పైల్స్ కూడా ఉన్నాయి, రక్తం వాటివల్లే కావచ్చన్నారు. బయాప్సీ వచ్చాక మళ్ళీ రావాలి.

బీపీ, షుగర్ మాత్రలు తిండి సర్దుకున్నాక రేపటి నుంచి, డాపాగ్లిఫ్లోజిన్ మాత్రం ఇంకో రెండు రోజులు ఆగి. వారం తర్వాత క్రియాటినిన్ మళ్ళీ చూస్తారు. మోకాళ్ళ సంగతి ఎముకల డాక్టరుతో వేరే మాట్లాడాలి.

సీసాలు వెనక్కి ఇచ్చాను. ఆ కుర్రాడు డబ్బులిచ్చి "సారీ అన్నా" అన్నాడు. అరవాలని వెళ్ళాను, అరవలేకపోయాను. కింద ఉన్న చిన్న అక్షరాలు చూపించి వచ్చాను.

రాత్రి డ్యూటీ — సోమవారం, రాత్రి 8:20

8 అంటే మంచి మార్కులు, 9కి. కుడివైపు పాలిప్ దొరికిందంటే ఆ తెల్లవారుజాము లీటరు వృథా కాలేదు. రెండు వారాలు బరువులు ఎత్తనివ్వకండి. రక్తం ఎక్కువగా పడితే ఆగకుండా ఆసుపత్రికి.

ఎడిసన్ అత్తగారు — సోమవారం, రాత్రి 9:05

నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?

కృష్ణలంక కుర్రాడు — సోమవారం, రాత్రి 9:20

పెరుగన్నం తిన్నారు. ఆవాలు లేకుండా పెట్టారని అమ్మతో గొడవ.